సిగరెట్ మానేసి 9 ఏళ్లయింది, ఎక్స్‌రే బాగానే ఉంది. ఇంకా సీటీ స్కాన్ అవసరమా?

పాతదారి
అందరికీ నమస్కారం. నాకు 58 ఏళ్లు. 20వ ఏట సిగరెట్ మొదలుపెట్టాను. మొదటి పదేళ్లు రోజుకు పది, తర్వాత 19 ఏళ్లు రోజుకు ఒక పెట్టె, అంటే ఇరవై. 49వ ఏట మానేశాను. ఈ 9 ఏళ్లలో ఒక్కటి కూడా ముట్టలేదు.

దగ్గు లేదు, ఆయాసం లేదు. మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కుతాను. పోయిన నెల హెల్త్ చెకప్‌లో ఛాతీ ఎక్స్‌రే తీశారు, అంతా బాగుందని రాశారు. నేను నిశ్చింతగానే ఉన్నాను. మా ఆవిడ మాత్రం ఎక్కడో చదివి, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందేమో చూసేందుకు లో డోస్ సీటీ, అంటే తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్, చేయించుకోమని రోజూ పట్టుబడుతోంది. ఎక్స్‌రే బాగున్నాక సీటీ దేనికి? నిజం చెప్పాలంటే భయం కూడా ఉంది. ఏ బాధా లేకుండా తిరుగుతున్నవాడిని వెళ్లి వెతికించుకోవడం అవసరమా? తెలిసినవాళ్లు చెప్పండి.

వేకువచుక్క
పాతదారి గారూ, నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ మాటకు నా మాట బదులు కాదు, కానీ మీ ప్రశ్నకు జవాబు ఉంది.

ముందు ఎక్స్‌రే సంగతి. అమెరికాలో సుమారు లక్షా 55 వేల మంది మీద దీన్ని పరీక్షించి చూశారు. సగం మందికి ఏటా ఛాతీ ఎక్స్‌రే తీశారు, మిగతా సగానికి మామూలు వైద్యమే. 13 ఏళ్ల వరకూ గమనించినా ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల్లో రెండు గుంపులకూ తేడా రాలేదు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. ఎక్స్‌రేలో పక్కటెముకలు, గుండె, కాలర్ ఎముక అన్నీ ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి. వాటి వెనక ఏడెనిమిది మిల్లీమీటర్ల మచ్చ ఉంటే దొరకదు. కాబట్టి మీ ఎక్స్‌రే బాగుండటం సంతోషమే, కానీ స్క్రీనింగ్, అంటే లక్షణాలు రాకముందే జబ్బును వెతికే పరీక్ష, అయిపోయినట్టు కాదు.

ఇక లెక్క. రోజుకు ఎన్ని పెట్టెలు, ఎన్నేళ్లు అన్నవి గుణిస్తే ప్యాక్ ఇయర్స్ వస్తాయి. మీరు మొదటి పదేళ్లు రోజుకు అర పెట్టె, అంటే 5. తర్వాత 19. మొత్తం 24. ఎవరికి ఏ ముందస్తు పరీక్ష చేయాలో సూచించే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2013లో పెట్టిన గీత 30, వయసు 55 నుంచి 80. ఆ లెక్కన మీరు బయటే ఉండేవారు. 2021లో ఆ గీతను 20కి, వయసును 50కి దించారు. ఇప్పుడూ తాగుతున్నవారు గానీ, మానేసి 15 ఏళ్లు దాటనివారు గానీ అందులోకి వస్తారు. మీరు వస్తారు.

పాతదారి
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. 24 అన్న అంకె చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అన్నేళ్లు తాగినా ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

ఏకాంతం
నేను ఇంకో వైపు నుంచి చెప్తాను. ఎవరినీ భయపెట్టాలని కాదు.

మా అన్నయ్యకు మూడేళ్ల క్రితం ఇలాగే ఏ లక్షణమూ లేకుండా స్కాన్ తీశారు. కుడివైపు ఒక మచ్చ ఉందన్నారు. సూదితో ముక్క తీసి చూడాలన్నారు. తీస్తుంటే ఊపిరితిత్తి నుంచి గాలి బయటికి లీకై అది కుంచించుకుపోయింది. ఛాతీలో గొట్టం వేసి నాలుగు రోజులు ఉంచారు. చివరికి తేలింది ఏమిటంటే అది ఎప్పుడో వచ్చి మానిపోయిన ఇన్ఫెక్షన్ తాలూకు మచ్చ. క్యాన్సర్ కాదు. ఆ నెల రోజులు మా వదిన నిద్రపోలేదు. అన్నయ్య ఇప్పటికీ హాస్పిటల్ అంటే వణికిపోతాడు. లేని తద్దినం కొని తెచ్చుకున్నట్టయింది.

నేను చదివిన లెక్క కూడా చెప్తాను. స్క్రీనింగ్ మంచిదని రుజువు చేసిందని అందరూ చెప్పే ఆ పెద్ద అమెరికా అధ్యయనంలోనే, సీటీలో అనుమానం అని తేలినవాటిలో 96 శాతం చివరికి క్యాన్సర్ కాలేదు. నూటికి తొంభై ఆరు! ఆ తొంభై ఆరు మంది ఇళ్లలో ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి. దీనికి తోడు రేడియేషన్.

వేకువచుక్క
ఏకాంతం గారూ, మీ అన్నయ్యకు జరిగింది నిజంగా జరిగేదే. దాన్ని తేలిగ్గా తీసేయను. మీరు చెప్పిన అంకె కూడా సరైనదే. ఆ అధ్యయనం పేరు ఎన్‌ఎల్‌ఎస్‌టీ. 55 నుంచి 74 ఏళ్ల వయసున్న, బాగా పొగ తాగిన 53 వేల మందికి పైగా అందులో చేరారు. మూడేళ్లపాటు ఏటా ఒకసారి సగం మందికి లో డోస్ సీటీ, సగం మందికి ఎక్స్‌రే. 2011లో ఫలితం చెప్పారు: సీటీ గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి.

ఈ 20 శాతం అన్న మాట వినడానికి ఘనంగా ఉంటుంది కాబట్టి నా పేషెంట్లకు ఇంకోలా చెప్తాను. ఆరున్నర ఏళ్లలో, ఎక్స్‌రే తీసిన ప్రతి వెయ్యి మందిలో దాదాపు 21 మంది ఈ క్యాన్సర్‌తో పోయారు. సీటీ తీసినవారిలో దాదాపు 18 మంది. వెయ్యికి ముగ్గురు. ఇది చిన్నదా పెద్దదా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది జబ్బు ముదిరిపోయాకే వస్తారు. కాబట్టి ఆ ముగ్గురు నాకు చాలా పెద్ద లెక్క.

అప్పట్లో 4 మిల్లీమీటర్ల మచ్చను కూడా అనుమానం కింద రాసేవారు. అందుకే అన్ని తప్పుడు హెచ్చరికలు. ఆ తర్వాత నేర్చుకున్నారు. నెదర్లాండ్స్, బెల్జియం కలిసి చేసిన నెల్సన్ అధ్యయనంలో మచ్చ ఘనపరిమాణం ఎంత, అది రెట్టింపు కావడానికి ఎన్ని రోజులు పడుతోంది అని కొలిచారు. అక్కడ తీసిన స్కాన్లలో అనుమానం అని పంపినవి దాదాపు 2 శాతమే, వాటిలో నూటికి 43 దాకా నిజంగానే క్యాన్సర్. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో పదేళ్లకు మగవారిలో మరణాలు 24 శాతం తగ్గాయి. ఇప్పుడు మొదటి స్కాన్‌లో 6 మిల్లీమీటర్ల లోపు గట్టి మచ్చ కనిపిస్తే సూదీ లేదు, కత్తీ లేదు. ఏడాది తర్వాత మళ్లీ స్కాన్, అంతే.

సీటీగది
రేడియేషన్ గురించి నేను చెప్పగలను. సీటీ టెక్నీషియన్‌గా రోజూ ఇదే పని. లో డోస్ స్కాన్‌లో సుమారు ఒకటిన్నర మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే లెక్క). మామూలు ఛాతీ సీటీ అయితే దానికి నాలుగైదు రెట్లు. నేల నుంచి, ఆకాశం నుంచి మనందరికీ ఏటా ఎలాగూ తగిలే రేడియేషన్ ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్ట్‌లు. సున్నా కాదు, ఏటా తీస్తూ పోతే కలుస్తుంది కూడా. అందుకే ముప్పు తక్కువ ఉన్నవారికి ఈ స్కాన్ చెయ్యరు.

గదిలో జరిగేది చెప్తే భయం సగం తగ్గుతుంది. సూది ఉండదు, రంగు మందు ఉండదు, పరగడుపున రావక్కర్లేదు. వెల్లకిలా పడుకుని చేతులు తలపైకి పెట్టాలి. ఒక్కసారి గాలి పీల్చి కొద్ది సెకన్లు బిగబట్టాలి. బల్ల ఆ రింగులోంచి వెళ్లి వస్తుంది. అయిపోయింది. చాలామంది లేచి "ఇంతేనా?" అంటారు.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఈమధ్యే న్యుమోనియా గానీ గట్టి జలుబు దగ్గు గానీ వచ్చి ఉంటే ముందే చెప్పండి, కొన్ని వారాలు ఆగమంటారు. ఆ ఇన్ఫెక్షన్ నీడలే మచ్చల్లా కనిపించి అనవసరంగా కంగారు పెడతాయి. పాత సీటీ ఏదైనా ఉంటే తప్పకుండా తెచ్చుకోండి. ఐదేళ్ల కిందటి స్కాన్‌లో అదే చోట అదే సైజులో మచ్చ ఉంటే, కొత్త టెస్టులు ఏవీ అక్కర్లేకుండానే విషయం తేలిపోవచ్చు.

నీలిగాలి
నాడ్యూల్‌తో, అంటే ఊపిరితిత్తిలో కనిపించే చిన్న మచ్చతో, ఆరు నెలలు బతికిన మనిషిని నేను. పోయిన ఏడాది స్కాన్‌లో 7 మిల్లీమీటర్లు అన్నారు. లంగ్‌రాడ్స్ 3 అని రాశారు, మచ్చ ఎంత అనుమానంగా ఉందో చెప్పే అంకె అది. ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు.

ఆ కాగితం పట్టుకుని ఇంటికి వచ్చిన రోజు నేనెలా ఉన్నానో చెప్పలేను. "గడ్డ" అన్న మాట ఒకటే చెవిలో మోగేది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంటర్నెట్ అంతా వెతికేదాన్ని. ఆరు నెలలు ఎందుకు ఆగాలి, ఇప్పుడే తీసేయొచ్చు కదా అని డాక్టర్‌ని రెండుసార్లు అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు: క్యాన్సర్ అయితే ఈ ఆరు నెలల్లో పెరిగినట్టు కనిపిస్తుంది, అప్పటికీ చిన్నదిగానే ఉంటుంది. కాకపోతే ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఊరికే కోయడం కన్నా కాలాన్నే పరీక్షగా వాడుకుందాం అన్నారు.

ఆరు నెలలకు తీస్తే 7 మిల్లీమీటర్లే. ఇప్పుడు ఏడాదికోసారి వెళ్తున్నాను. ఏకాంతం గారి అన్నయ్య పడిన బాధ నాకు తెలుసు. కానీ నన్ను ఎక్కువ బాధపెట్టింది స్కాన్ కాదు, ఏం కావచ్చో ముందుగా ఎవరూ చెప్పకపోవడం. పది మందిలో ఎంతోమందికి ఏదో ఒక చుక్క కనిపిస్తుందని ముందే తెలిసి ఉంటే అంతగా బెదిరేదాన్ని కాదు.

ఏకాంతం
నీలిగాలి గారూ, మీరన్నదే అసలు మాట. మా అన్నయ్యకు ఆగి చూసే దారి ఉందని ఒక్కరూ చెప్పలేదు. మచ్చ కనిపించిన మూడో రోజుకే సూది పట్టుకున్నారు. సైజెంతో కూడా మాకు ఇప్పటికీ తెలియదు.

వేకువచుక్క
ఆ రిపోర్టు తెప్పించుకోండి ఏకాంతం గారూ. అది మీ హక్కు. ఎవరైనా సరే, అనుమానం వచ్చిన మచ్చ విషయంలో రేడియాలజిస్టు, ఊపిరితిత్తుల డాక్టర్, సర్జన్ కలిసి కూర్చుని మాట్లాడే చోటికి వెళ్లడం మంచిది. స్కాన్ మెషీన్ ఎక్కడైనా ఒకటే. ఆ తర్వాతి నిర్ణయాల్లోనే మంచి చెడు ఉంటుంది.

మల్లెతీగ
మా నాన్నగారు 45వ ఏట మానేశారు. 66వ ఏట ఈ జబ్బుతో పోయారు. మానేసి 21 ఏళ్లు. ఆయన్ని స్క్రీనింగ్‌కు ఎవరూ పిలవలేదు, మేమూ అడగలేదు. "ఎప్పుడో మానేశాను కదమ్మా" అనేవారు. వెన్నునొప్పి అని వెళ్తే అప్పటికే ఎముకలకు పాకింది.

డాక్టర్ గారూ, 15 ఏళ్లు దాటితే ముప్పు పోతుందా? పోయేదైతే మా నాన్నకు ఎందుకొచ్చింది? చాలా రోజుల నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది.

వేకువచుక్క
పోదమ్మా. తగ్గుతుంది. మానేసిన పదేళ్లకు, ఇంకా తాగుతూనే ఉన్నవారి ముప్పులో దాదాపు సగానికి వస్తుంది. కానీ అసలెన్నడూ తాగనివారి స్థాయికి రాదు. పైగా ఒకవైపు మానేసిన ఏళ్లు పెరుగుతుంటే ఇంకోవైపు వయసూ పెరుగుతుంది, వయసుతో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఈ కారణాలతోనే 2023లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తన సూచనల్లోంచి ఆ 15 ఏళ్ల షరతును తీసేసింది. 50 నుంచి 80 ఏళ్ల మధ్య, 20 ప్యాక్ ఇయర్స్ ఉంటే, ఎప్పుడు మానేశారన్నదానితో పని లేదని చెప్పింది. దేశాన్ని బట్టి నియమాలు వేరు. దక్షిణ కొరియాలో 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం 54 నుంచి 74 ఏళ్లవారికి, 30 ప్యాక్ ఇయర్స్ ఉంటే. తైవాన్ 2022 నుంచి పొగ తాగినవారితో పాటు, ఇంట్లో ఈ జబ్బు వచ్చిన చరిత్ర ఉన్నవారిని కూడా పిలుస్తోంది.

మీ నాన్నగారి విషయంలో మీరు చేయని తప్పును మీ మీద వేసుకోకండి.

మల్లెతీగ
థాంక్స్ మేడమ్. ఆ చివరి వాక్యం మా అమ్మకు చదివి వినిపించాను.

కొండవాలు
నాకు 61. ఇంకా తాగుతున్నాను, రోజుకు పదిహేను. రెండు నెలలుగా దగ్గు ఆగడం లేదు. మొన్న రెండుసార్లు కళ్లెలో కొంచెం రక్తం చార కనిపించింది. ఈ థ్రెడ్ చూశాక నేనూ స్క్రీనింగ్ చేయించుకుందామనుకుంటున్నాను. వచ్చే నెల జీతం వచ్చాక వెళ్తే సరిపోతుందా?

సీటీగది
కొండవాలు గారూ, ఆగకండి. వచ్చే నెల కాదు, ఈ వారమే.

వేకువచుక్క
స్క్రీనింగ్ అనే మాట ఏ లక్షణమూ లేనివారికి. మీకు లక్షణం ఉంది. రక్తం పడటం, మూడు వారాలు దాటిన దగ్గు, గొంతు బొంగురుపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన చూసి ఏ పరీక్ష కావాలో చెప్తారు. అది మామూలు డోస్ సీటీ కావచ్చు, టీబీ కోసం కళ్లె పరీక్ష కావచ్చు. రక్తం పడితే క్యాన్సరే అని కాదు. కానీ "స్క్రీనింగ్ రోజున చూద్దాం" అని వాయిదా వేసే విషయం మాత్రం కాదు. అపాయింట్‌మెంట్ తీసుకున్నాక ఇక్కడ ఒక్క మాట రాయండి. ఎదురుచూస్తుంటాను.

కొండవాలు
తీసుకున్నానండి. ఎల్లుండి ఉదయం.

రెండోఊపిరి
నేను ఆ వెయ్యికి ముగ్గురిలో ఒకణ్ణో కాదో ఎవరూ చెప్పలేరు. ఏటా తీసే స్కాన్‌లో, మూడోసారి, 11 మిల్లీమీటర్ల కొత్త మచ్చ కనిపించింది. అంతకు ముందు రెండేళ్లూ ఏమీ లేదు. మొదటి స్టేజ్. ఎడమవైపు పైభాగం తీసేశారు, పక్కటెముకల మధ్య చిన్న రంధ్రాలతో కెమెరా పెట్టి చేశారు. కీమో అక్కర్లేదన్నారు. నాలుగేళ్లయింది.

చెప్పాలనుకున్నది ఏమిటంటే, నాకు ఏ నొప్పీ లేదు. ఊపిరితిత్తి లోపల నొప్పి తెలిపే నరాలు ఉండవట. చిన్నగా ఉన్నప్పుడు అది మనకు ఏ కబురూ పంపదు. పాతదారి గారూ, మెట్లు ఆగకుండా ఎక్కుతున్నానని రాశారు కదా, నేనూ ఆపరేషన్‌కు ముందు వారం వరకు ఎక్కాను.

ఇంకొకటి. మొదటి రెండుసార్లు ఏమీ లేదన్నారని మూడో ఏడాది మానేద్దామనుకున్నాను. ఈ టెస్టు ఒక్కసారి చేయించుకుని ఫైల్లో పెట్టుకునేది కాదు.

పేరువద్దు
ఇంత మంచిగా మాట్లాడుకుంటున్నారు కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. నేను ఆడదాన్ని, 47 ఏళ్లు. 22 ఏళ్లుగా రోజుకు పదిహేను సిగరెట్లు. మా ఇంట్లో నా భర్తకు తప్ప ఎవరికీ తెలియదు. ఏ డాక్టర్ అడిగినా "అలవాటు లేదు" అనే చెప్పాను. రికార్డుల్లో అన్నిచోట్లా అదే ఉంటుంది. నేను స్కాన్‌కు వెళ్తే ముందు ఈ అబద్ధం ఒప్పుకోవాలి. అది స్కాన్ కన్నా భయంగా ఉంది.

నీలిగాలి
మీరు రాసినందుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనూ ఎనిమిదేళ్లు అదే అబద్ధం చెప్పాను. ఒప్పుకున్న రోజు ఆ డాక్టర్ తల కూడా ఎత్తలేదు, రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు అని రాసుకున్నారు, అంతే. మీరు ఊహించుకుంటున్న ఆ చూపు అందరి దగ్గరా ఉండదు. ఉంటే ఆ డాక్టర్‌ని మార్చండి.

వేకువచుక్క
పేరువద్దు గారూ, మీ లెక్క: రోజుకు ముప్పావు పెట్టె, 22 ఏళ్లు, అంటే 16.5. వయసు 47. ఇప్పటి సూచనల ప్రకారం మీకు స్క్రీనింగ్ పడదు. తీయించుకుంటే మేలు కన్నా తప్పుడు హెచ్చరికల కష్టమే ఎక్కువయ్యే అవకాశం ఉంది. మీకు నేను స్కాన్ చీటీ రాయను. మానడానికి మందు రాస్తాను.

ఇది ఊరికే అనే మాట కాదు. ఈ వయసులో మానితే మీకు కలిగే మేలు ఏ స్కానూ ఇవ్వలేదు. నికోటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్, బుప్రోపియాన్, వరెనిక్లిన్ అని మందులున్నాయి. వరెనిక్లిన్ అయితే మాత్రలు మొదలుపెట్టి, వారం తర్వాతి రోజును మానేసే రోజుగా పెట్టుకుంటారు. ఆ మొదటి వారంలో తాగుతూనే ఉండొచ్చు. పట్టుదల మీద ఒక్కటే ఆధారపడి ఓడిపోయినవాళ్లు మందు, మాటసాయం రెండూ ఉంటే గెలిచిన సందర్భాలు రోజూ చూస్తాను. మీ డాక్టర్‌కు మాత్రం నిజం చెప్పండి, మీ మిగతా మందులు, ఆరోగ్యం చూసి ఏది సరిపోతుందో ఆయన చెప్పాలి.

పాతదారి
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. వెళ్లానండి. మా ఆవిడ బయట కూర్చుంది. సీటీగది గారు చెప్పినట్టే, లేచి "ఇంతేనా?" అన్నాను.

రిపోర్టు: కుడి పైభాగంలో 5 మిల్లీమీటర్ల నాడ్యూల్ ఒకటి. లంగ్‌రాడ్స్ 2. ఏడాది తర్వాత మళ్లీ. ఈ థ్రెడ్ చదవకుండా ఆ కాగితం చూసి ఉంటే కాళ్లూ చేతులూ ఆడేవి కావు. నీలిగాలి గారూ, ఆ సాయంత్రం మీరు రాసిందే మా ఆవిడకు చూపించాను.

నేను ఊహించనిది ఇంకొకటి బయటపడింది. గుండె రక్తనాళాల్లో కాల్షియం పేరుకుందని రాశారు. వేరే డాక్టర్‌కు చూపించాను. బీపీ, కొలెస్ట్రాల్ చూసి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెట్టారు. ఊపిరితిత్తుల కోసం వెళ్తే గుండె సంగతి తెలిసింది.

వేకువచుక్క
ఇది తరచుగా జరిగేదే. పొగ రెండింటినీ దెబ్బతీస్తుంది. స్టాటిన్ మానకండి. వచ్చే ఏడాది అదే సెంటర్‌లో తీయించుకుంటే పోల్చడం తేలిక. ఈ స్కాన్ సీడీ జాగ్రత్త.

ఏకాంతం
పాతదారి గారూ, మంచి కబురు చెప్పారు. అన్నయ్య రిపోర్టు తెప్పించాను. 9 మిల్లీమీటర్లు అని ఉంది. ఇంకో డాక్టర్‌కు చూపిస్తే మూడు నెలలు ఆగి మళ్లీ స్కాన్ తీసి ఉండాల్సిందని అన్నారు. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. ఆ తర్వాత ఏం చేస్తారో ముందుగా అడగకుండా ఎవరూ ఆ బల్ల ఎక్కకూడదని ఇప్పటికీ అంటాను. కానీ అన్నయ్యతో ఈ థ్రెడ్ చదివించాను. ఆయన ఇంకా తాగుతున్నాడు. డాక్టర్ దగ్గరికి నాతో వస్తానన్నాడు.

కొండవాలు
నాది టీబీ అని తేలిందండి. మందులు మొదలుపెట్టారు, ఆరు నెలలు వాడాలి. సీటీలో వేరే అనుమానం ఏమీ లేదన్నారు. జీతం వచ్చేదాకా ఆగి ఉంటే ఇంట్లో మనవరాలికి అంటించేవాణ్ణేమో. ఇప్పుడు ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తున్నారు.

రెండోఊపిరి
త్వరగా కోలుకోండి. మాత్రలు ఒక్క పూట కూడా వదలొద్దు.

పేరువద్దు
డాక్టర్‌కు చెప్పాను. నీలిగాలి గారు రాసినట్టే, ఆవిడ రాసుకున్నారు, అంతే. మొన్న గురువారం వరెనిక్లిన్ మొదటి మాత్ర వేసుకున్నాను. వచ్చే గురువారం మానేసే రోజు. మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఆ రోజు పొద్దున చెప్పాలనుకుంటున్నాను.

నీలిగాలి
గురువారం పొద్దున్నే ఈ థ్రెడ్ తెరిచి కూర్చుంటాను. ఏ టైమ్‌కైనా రాయండి.